ఎంత బాధ్యత తెలిసిన పిల్లో!

ఈ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అమ్మానాన్నలు పని కోసం ఎక్కడికో వెళ్లిపోయారు. ఇంట్లో మంచం దిగలేని నాన్నమ్మ, ఇద్దరు చిన్న తమ్ముళ్లు, పదకొండేళ్ల ఈ పిల్ల. పొద్దున్నే వండాలి, తమ్ముళ్లకి స్నానాలు చేయించాలి, నాన్నమ్మకి మందులివ్వాలి, ఇంకా టైం మిగిలితే బడికెళ్లాలి. ఇదే పిల్ల వేరేవాళ్లింట్లో గిన్నెలు తోముతుంటే మనమే ఫోన్ తీసి కంప్లైంట్ చేస్తాం. సొంతింట్లో తోమితే మాత్రం బాధ్యత!

లెక్కలు వేసేవాళ్లూ మనలాగే ఉన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో బాలకార్మికులు సుమారు 13.8 కోట్లు. (2025కల్లా ఒక్కరూ ఉండరని దేశాలన్నీ 2015లో ఒప్పుకున్నాయి, అది వేరే కథ.) సొంతింట్లో వంట చేస్తూ, ముసలివాళ్లని చూసుకునే పిల్లలు ఈ అంకెలో లేరు. వారానికి 21 గంటలు, అంతకు మించి చేసే ఇంటిపనిని కూడా కలిపి చూస్తే ఆడపిల్లల సంఖ్య పైకి లేస్తుంది. 21 గంటలంటే రోజుకి మూడు. అమ్మ లేని ఇల్లు మూడు గంటల్లో తెములుతుందా? మగపిల్లాడైతే నాన్న వదిలిన పొలం పని వాడి నెత్తిన పడుతుంది, జీతం లేకుండా.

"వాళ్లు డబ్బు పంపిస్తున్నారు కదా" అంటారు. నిజమే, నెలనెలా డబ్బు అందే ఇళ్లలో పిల్లలు బడిలో నిలబడతారు కూడా. కానీ ఆ డబ్బు ఎప్పటినుంచి అందుతుంది? ముందు ఏజెంట్ ఫీజు, ప్రయాణం ఖర్చు, వాటికోసం తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ. మొదటి నెలల జీతం అంతా అటే పోతుంది. పని చేసే పెద్దవాళ్లు ఇంట్లో లేరు, డబ్బు ఇంకా రాలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే పిల్లాడు పనికెళ్తాడు. "ఈ రెండు నెలలే" అంటారు. ఈలోపు వాడి సంపాదనకి ఇల్లు అలవాటు పడిపోతుంది, బడిలో వాడి పేరు కొట్టేస్తారు. అక్కడ అమ్మానాన్నలకి యజమాని జీతం ఆపితే ఇక చెప్పక్కర్లేదు.

ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుల దగ్గర ఫీజు తీసుకోకూడదని 1997 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందంలోనే ఉంది. అయినా వసూలు చేస్తూనే ఉన్నారు. అంటే ఏజెంట్ జేబులోకి పోయిన డబ్బుని ఆ పిల్లాడు తన చదువుతో తీరుస్తున్నాడు. దీనికి మనం పెట్టిన పేరు బాధ్యత.

"పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్లారో" అని దీర్ఘాలు తీసేవాళ్లు కాస్త ఆగండి. తీసుకెళ్లి ఎక్కడ ఉంచాలి, ఎనిమిది మంది పడుకునే గదిలోనా? చాలా వీసాల మీద కుటుంబాన్ని రానివ్వరు. దేశం దాటకపోయినా అంతే. చైనాలో ఊరి నుంచి నగరానికి వలస వెళ్లినవాళ్ల పిల్లలకి, అక్కడి నివాస నమోదు లేనందువల్ల, నగరం బడిలో సీటు దొరకడం కష్టం. ఇలా ఊళ్లో మిగిలిన పిల్లలకి వాళ్ల భాషలో ఒక పేరుంది. అందులోని అక్షరాల అర్థం చూస్తే ఉండిపోయి కాపలా కాసే పిల్లలని వస్తుంది.

తనిఖీ అధికారులు ఫ్యాక్టరీకి వెళ్తారు, ఇంటికి రారు. వచ్చి ఆ పిల్లని పట్టుకుపోవాలని నేననడం లేదు. వారం రోజులు బడికి రాకపోతే పేరు కొట్టేసే ముందు ఒకరు ఇంటికెళ్లి చూడండి. మంచం మీదున్న నాన్నమ్మని రోజూ చూసుకోవడానికి వయసొచ్చిన ఒకరిని, జీతమిచ్చి, పెట్టండి. బడి కాగితాల మీద తల్లిదండ్రుల సంతకమే కావాలని ఆ పిల్లని వెనక్కి పంపకండి. నాన్నమ్మ వేలిముద్ర తీసుకోండి.