పప్పుగుత్తి మింగిన కొమ్ము

మా బావకి తుపాకీ లేదు. వేటంటే సరదా కూడా లేదు. దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించమన్నా, బారెడు దూరం నుంచి చెయ్యి చాచి, మొహం పక్కకి తిప్పుకునే రకం. అలాంటి మనిషికి తుపాకిమందు పోసుకునే కొమ్ము సొంతంగా తయారు చెయ్యాలని బుద్ధి పుట్టిందంటే, ఆ పాపమంతా పక్కింటి పెద్దాయనదే.

అక్కావాళ్ళుండేది పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ దగ్గర. 18వ శతాబ్దంలో ఆ చుట్టుపక్కల జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ పనివాళ్ళు పొడుగు గొట్టం తుపాకులు చేసేవాళ్ళు. అక్కడివాళ్ళకి ఆ ముచ్చట ఇప్పటికీ తీరలేదు. క్రిస్మస్ వెళ్ళగానే, మందు విడిగా పోసి చెకుముకిరాయి నిప్పుతో పేల్చే పాతకాలం తుపాకులతో జింకల్ని వేటాడటానికి ఏటా ప్రత్యేకంగా ఒక సీజన్ ఉంటుంది. పెద్దాయన దానికోసం గరాజ్‌లో కూర్చుని కొమ్ము గీకుతుంటే, చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళిన బావ కంట్లో పడింది. చెత్త బండి వచ్చి వెళ్ళిపోయింది. డబ్బా నిండుగా అలాగే ఉంది. బావ మాత్రం ఇంటికి ఒక కొమ్ముతో వచ్చాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర క్లాసు మొదలైంది. కొమ్ము తేలిక. నీళ్ళు దిగవు. ఇనుముకి తగిలినా నిప్పురవ్వ రాదు. పల్చగా గీకితే, వెలుతురుకి ఎత్తి పట్టుకుని లోపల మందు ఎంతుందో చూసుకోవచ్చు. 1754 నుంచి 1763 దాకా అక్కడ ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరిగిన యుద్ధంలో సిపాయిలు వీటిమీద కోటలు, నదులు, దారులు, తమ పేర్లు చెక్కుకున్నారు. కొందరు కవిత్వం కూడా చెక్కారు. ‘నేను మందుని, గుండు నా తమ్ముడు, ఇద్దరం కలిస్తే వీరుల్లా అందర్నీ గెలుస్తాం’ అని దాని భావం. బావకి అది తెగ నచ్చేసింది. "ఒరేయ్, నేను మందుని, నువ్వు గుండువి" అని నా భుజం తట్టాడు. జుట్టు పల్చబడి నేను టెన్షన్‌లో ఉన్న రోజులవి. నాకేమీ నవ్వు రాలేదు.

"ఇంతకీ ఆ కొమ్ము ఎక్కడిదండీ?" అంది అక్క, పెరుగు గిన్నె మీద మూత పెడుతూ.

బావ ఈ ప్రశ్నకి సిద్ధంగానే ఉన్నాడు. "మన ఒంగోలు పశువులు ఎప్పుడో బ్రెజిల్ దాకా వెళ్ళాయి. అక్కడ ఆ జాతిని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. ఏమో, ఇది కూడా మనవైపు ఎద్దుదేనేమో!"

అక్క కొమ్ము వైపు ఒక్కసారి చూసింది. "ఒంగోలు గిత్తకి కొమ్ము జానెడు కూడా ఉండదు. ఇది మూరెడుంది. నాకా చెప్తున్నారు?"

నిజమే, చెప్పకూడని మనిషికే చెప్పాడు. కనుమకి మా తాత ఎద్దుల కొమ్ములు చెక్కి, గాజుపెంకుతో నున్నగా గీకి, రంగులేసి, ఇత్తడి కుప్పెలు తొడుగుతుంటే పక్కనే కూర్చుని పెరిగింది అక్క. బావ ఆన్‌లైన్‌లో ఏవేవో పనిముట్లు వెతుకుతుంటే, పగిలిన ఊరగాయ సీసా పెంకు ఒకటి తెచ్చి ముందు పడేసి వెళ్ళిపోయింది. దాని అంచుతో గీకితే కొమ్ము పొరలు పొరలుగా లేచివచ్చింది. గీకడం వరకు పని బ్రహ్మాండంగా జరిగింది.

తర్వాత వచ్చింది చిల్లు. కొమ్ము మొదట్లో బోలుగా ఉన్నా, కొస దగ్గర గట్టిగా ఉంటుంది. లోపలికి తీగ పెట్టి బోలు ఎక్కడిదాకా ఉందో కొలిచి, బయట గుర్తు పెట్టి, కొస కోసి, అక్కణ్ణుంచి ఆ బోలుని కలిసేలా డ్రిల్లు వెయ్యాలి. చిక్కేమిటంటే కొమ్ము వంకర తిరుగుతుంది, డ్రిల్లు తిరగదు. బయట చలి అని ఈ పని వంటింట్లోనే పెట్టాడు. వెంట్రుకలు కాలిన కంపు ఇల్లంతా పట్టేసింది. డ్రిల్లు ముక్కు లోపలికి పోవాల్సింది, పక్కనుంచి బయటికొచ్చి బావ బొటనవేలుని పలకరించింది. వేలికి ప్లాస్టరు వేశాం. చిల్లుపడ్డ మేర కొసని ఇంకాస్త కోసేశాం. మూరెడు కొమ్ము ఒంగోలు కొలతకి దిగుతోందని అక్క సంతోషించింది.

ఇక అడుగుభాగం. కొమ్ము మూతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మరిగే నీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు గుండ్రటి చెక్కదిమ్మ లోపలికి నెట్టి చల్లారనిస్తే మూతి కూడా గుండ్రంగా నిలబడుతుంది. దిమ్మకి ముందుగా నూనెగానీ మైనంగానీ రాసి ఉంచాలని పెద్దాయన చెప్పాడట. దిమ్మ కూడా ఆయనే ఇస్తానన్నాడట. కానీ కొమ్ము మెత్తబడే సమయానికి బావ చేతిలో దిమ్మ లేదు. పొయ్యి మీద రెండో గిన్నెలో పప్పు ఉడుకుతోంది. పక్కన పప్పుగుత్తి ఉంది. దాని తల సరిగ్గా గుండ్రంగా ఉంది.

"బావా, వద్దు" అన్నాను. అనేలోపే అది కొమ్ములోకి వెళ్ళిపోయింది.

బండిచక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే ఎలా బిగుసుకుంటుందో, చల్లారిన కొమ్ము పప్పుగుత్తిని అలా పట్టేసింది. బావ కొమ్ము పట్టుకున్నాడు, నేను పిడి పట్టుకున్నాను, వంటిల్లంతా తిరిగాం. రాలేదు. మళ్ళీ మరిగే నీళ్ళలో వేశాం. కొమ్ము మెత్తబడే మాట దేవుడెరుగు, నీళ్ళు తాగి చెక్క ఉబ్బింది. అంతలో అక్క వచ్చి పొయ్యి పక్కన చెయ్యి పెట్టి తడిమింది.

"పప్పుగుత్తేదిరా?"

ఇద్దరం కొమ్ము వైపు చూశాం.

అది మామూలు పప్పుగుత్తి కాదు. అక్క కాపురానికి వచ్చేటప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో అమ్మ కొనిచ్చింది. సూట్‌కేసు బరువు ఎక్కువైతే బావ చొక్కాలు తీసేసి దాన్ని ఉంచారు. ఆ పూట పప్పుని స్టీలు గ్లాసు అడుగుతో మెదిపింది అక్క. ఒక్కో దెబ్బకీ బావ ఉలిక్కిపడ్డాడు.

కబురందుకుని పెద్దాయన వచ్చాడు. కొమ్ముని అటూ ఇటూ తిప్పి, పిడి లాగి చూసి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఇంత గట్టి బిరడా నేనెప్పుడూ వెయ్యలేదు. అంచుకి తేనెమైనం పట్టించండి, పిడి కోసేయండి, అయిపోయింది" అన్నాడు.

పిడి కొయ్యడానికి అక్క రెండు షరతులు పెట్టింది. ఒకటి, తుపాకిమందు గడప దాటి లోపలికి రాకూడదు. రెండోది, కొమ్ము మీద ఏం చెక్కాలో తను చెప్తుంది. బావ వీరుల కవిత్వం గురించి ఏదో నసిగాడుగానీ, అప్పటికి రంపం అక్క చేతిలో ఉంది.

సూదిమొనతో గీసి, గీతల్లో అక్క కాటుక రుద్దాడు. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు నిలువుగీతలు, అడ్డగీతలు. మన అక్షరాలన్నీ గుండ్రాలాయె, నున్నటి కొమ్ము మీద సూది నిలవదు. ‘ప్పు’ దగ్గర జారి రెండుసార్లు వేలికే గుచ్చుకుంది. చివరికి మాత్రం నల్లగా, పొందికగా, ఎంతో పురాతనంగా కనపడింది. ‘ఇందులో ఇరుక్కున్న పప్పుగుత్తి నాది’ అని.

పెద్దాయన దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏం రాశారని అడిగితే, మా ప్రాంతపు వీరగాథ అని చెప్పాడు బావ. ఆయన ఎంత ముచ్చటపడ్డాడంటే, మర్నాడు తన కొమ్ము కూడా తెచ్చి ఇదే లిపిలో ఇదే మాట చెక్కిపెట్టమన్నాడు. క్రిస్మస్ లోపల ఇచ్చేస్తానని బావ మాటిచ్చాడు.