ఇంటిపేరు చెప్పని గోలీకి ఒక ఉత్తరం

హన్మకొండ

మహారాజశ్రీ ప్రోబయోటిక్ గోలీ గారి దివ్య సముఖమునకు,

ఇక్కడ నేను క్షేమం. ఈమధ్య పొట్ట కూడా క్షేమమే, అందుకే ఉత్తరం రాసే ఓపిక వచ్చింది. అక్కడ తమరూ, పొట్టకు మేలు చేస్తాయని డబ్బా మీద అచ్చేసుకున్న తమ 500 కోట్ల బతికున్న బ్యాక్టీరియా బంధుమిత్రులూ క్షేమమని తలుస్తాను. ఇది మర్యాదకు అడిగేది కాదు. ప్రాణాలతో ఉన్నారా అని నిజంగానే అడుగుతున్నాను. ‘చల్లటి చోట ఉంచవలెను’ అని తమ డబ్బా మీదే ఉంది. తమరేమో నడి మే నెలలో హైదరాబాద్ నుంచి బస్సు డిక్కీలో వచ్చి, చౌరస్తా దగ్గర మెడికల్ షాపు అద్దాల అరలో ఎదురెండకు కూర్చున్నారు. ఆ ఎండకు మా గల్లీ కుక్కలే మోరీలోంచి లేవలేదు. 500 కోట్లనేది ఫ్యాక్టరీలో గడప దాటిన రోజు లెక్కా, నా నోట్లో పడిన రోజు లెక్కా? డబ్బా ఆ ఒక్క ముక్కా చెప్పదు.

తమరు తమరు అని ఎంతసేపు రాస్తాలే. మూడు వారాలు నా కడుపులో తిరిగినదానివి, నువ్వు అనే అంటాను.

నా కథ కొంచెం విను. రెండేళ్ళు ఐరన్ గోలీలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. చివరికి ఒక డాక్టరమ్మ టిటిజి అని రక్తపరీక్ష రాసింది, నోట్లోంచి గొట్టం వేయించి చిన్నపేగు ముక్క తీయించింది, సీలియాక్ అని తేల్చింది. గోధుమలు, బార్లీ, రై అనే ధాన్యంలో ఉండే గ్లూటెన్ కడుపులో పడితే నా ఒంటి సైన్యం నా పేగు మీదికే వస్తుందట. కొత్త తువ్వాల నూలులా లేచి ఉండాల్సిన పేగు లోపలి పొర అరిగిన బనీను లెక్క అయిందట. ఇక జన్మకు గోధుమ బంద్.

షుగరని ఊరంతా రాత్రి అన్నం మానేసి చపాతీలకు ఎక్కిన కాలంలో నేను చపాతీ దిగి అన్నానికి వచ్చాను. “గోధుమలు పడకపోవుడేందిరా, బలానికి తినేదే గవి గదా” అని ఒక పెళ్ళిలో మా పెద్దబాపు నా విస్తట్లో రెండు పూరీలు పడేశాడు. ఆయనకు పేగు సంగతి చెప్పబోతే పప్పు చల్లారిపోయింది.

మూడు నెలలు నిష్ఠగా ఉన్నా ఉబ్బరం పోలేదు. అప్పుడు నీ దగ్గరికి వచ్చాను.

“తమ్మీ, పొట్టకు మంచి ప్రోబయోటిక్ ఏదన్నా ఉన్నదా?”

“గిది తీస్కో అన్నా. మస్తు మూవ్ అయితది.”

ఏది మూవ్ కావాలన్నది ఆయన లెక్క వేరు, నా లెక్క వేరు. 30 గోలీలు, 840 రూపాయలు. పక్కన 200 కోట్ల సీసాలున్నాయి, 50 కోట్ల పొట్లాలున్నాయి. ఎన్నికల హామీల్లా ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళకే నా ఓటు, నిన్నే తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే ‘లాక్టోబాసిల్లస్ మొదలగునవి’ అని ఉంది. మొదలగునవి! మా దిక్కు సంబంధం వస్తే పిల్లగాడి ఇంటిపేరేంది, పేరేంది, ఎవరి కొడుకు అని అడగకుండా చాయ్ కూడా పొయ్యరు. లాక్టోబాసిల్లస్ ఇంటిపేరు. ఆ ఇంట్లో ఒకడి పేరు రామ్నోసస్ అనుకో. వెనకాల జిజి అని ఒక తోక ఉంటుంది చూడు, స్ట్రెయిన్ అంటారు, అది ఎవరి కొడుకో చెప్పేది. గోర్బాక్, గోల్డిన్ అని ఇద్దరు దాన్ని విడదీస్తే వాళ్ళ మొదటి అక్షరాలే ఆ జిజి. పరీక్షలు జరిగేది ఆ తోక ఉన్న మనిషి మీద. జిజి పాసైతే ఆ ఇంటిపేరు వాళ్ళంతా పాసైనట్టు కాదు. మా పెద్దబాపు కొడుకు కలెక్టరైతే నాకు జీపు రాదు కదా.

ఆ ఇంటిపేరైనా నిలకడగా ఉందా? మా వరంగల్ జిల్లాను 2016లో ముక్కలు చేసినట్టే 2020లో మీ లాక్టోబాసిల్లస్ వంశాన్ని 25 ఇళ్ళుగా విడగొట్టారు. రామ్నోసస్ వేరే ఇంటికి పోయాడు. నీ డబ్బా మీద మాత్రం పాత ఇంటిపేరే. దానికి నిన్నేమీ అనను. వరంగల్ అర్బన్ 2021లో హన్మకొండ అయిపోయినా, మా బ్యాంకు పాసుబుక్కులో నేనింకా అర్బన్‌లోనే ఉంటున్నాను.

అసలు కడుపు మండింది అడుగున ఉన్న చిన్న అక్షరాలకు. నీతో పాటు ఫ్రక్టో ఆలిగో సాకరైడ్ అని ఇంకొకటి పెట్టారు, నీకు మేతగా. అది పెద్దపేగులో పులిసి గ్యాస్ చేస్తుంది. ఉబ్బరం పోగొట్టమని పిలిస్తే గ్యాసు సిలిండరు సంకన పెట్టుకుని వచ్చావా తల్లీ?

పైగా నీలో గ్లూటెన్ లేదని ఎక్కడా రాయలేదు. అలా రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో నియమం ఉంది. అసలు అలా రాసుకున్నవాళ్ళనైనా నమ్మొచ్చా? 2015లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు బాగా అమ్ముడుపోయే 22 ప్రోబయోటిక్స్ తెచ్చి పరీక్షిస్తే 12 వాటిలో గ్లూటెన్ జాడ దొరికింది. చాలావాటిలో ఉన్నది ఆ గీత లోపలే అన్నారు. అయినా దొంగను కాపలా పెట్టుకున్నట్టే కదా.

నెల తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయి నీ మీద ఫిర్యాదు చేశాను. ఆమె నీ ముఖం కూడా చూడలేదు. “ముందు వంటింట్ల చూడుండ్రి” అన్నది. గోధుమ మానినా పొట్ట సర్దుకోకపోతే ఎక్కువసార్లు దొంగచాటుగా లోపలికి పోతున్న గోధుమే కారణమట. ఆ తర్వాతే మిగతావి.

ఆదివారం పూట అమ్మా నేనూ వంటింట్లో చాప వేసుకుని కూర్చున్నాం. డబ్బాలన్నీ దించాం. చారు పొడి సరే, కారం సరే. అమ్మ కళ్ళద్దాలకు అందని అక్షరాలు నేను ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదువుతున్నాను. ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయాను. మొదటి మాటే గోధుమ పిండి. ఇంగువ ఆ తర్వాతెప్పుడో. నా పొట్ట ఉబ్బిందని, ఇంగువ గ్యాసుకు మంచిదని, మూడు నెలలుగా పప్పుచారులో అమ్మ చిటికెడు ఎక్కువే వేస్తోంది! అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి జొన్నపిండి గిర్నిల పట్టిస్తిమి గద కొడుకా” అన్నది. వెళ్ళి చూశాను. నా ముందున్న ఆమె గోధుమలు పోయించుకుంది, అదే రాయి మీద నా జొన్నలు. గిర్నాయన గుప్పెడు జొన్నలు ముందుగా తిప్పి పారబోసి “సాఫయిందన్నా” అన్నాడు. తెల్లటి గోధుమ దుమ్ము ఆయన మీసాల మీద కూడా ఉంది.

ఇప్పుడు ఇంట్లోనే చిన్న గిర్ని. ఇంగువ బంద్, వెల్లుల్లి పోపు. పాలు కొన్నాళ్ళు మానమంటే మానాను, అరిగిన పేగుకు పాలలోని చక్కెర అరగదట. సల్ల తాగుతున్నాను. అమ్మ పెరుగులో ఎవరెవరున్నారో అమ్మకూ తెలియదు, లెక్కపెట్టినవాళ్ళూ లేరు, అందుకని దాన్ని మందని అనను. సర్వపిండి, సకినాలు, గట్క అన్నీ నావే. ఆరు వారాలకు ఉబ్బరం దిగింది. “గా గోలీలు లేటుగ పనిచేస్తయన్నా” అన్నాడు షాపు తమ్ముడు.

నీకు అసలు పని లేదని నేననను. యాంటీబయోటిక్స్ వాడేటప్పుడు వచ్చే ఒక మొండి విరేచనం రాకుండా, నెలలు నిండని పసివాళ్ళ పేగులు కుళ్ళకుండా మీలో కొందరిని వాడొచ్చని 2020లో అమెరికా పేగుల డాక్టర్ల సంఘమే చెప్పింది. చాలామందిని తోక పేర్లతో సహా చెప్పింది. ఆ లిస్టులో నీ ‘మొదలగునవి’ ఎక్కడా కనబడలేదు.

నీవాళ్ళు ఇంకా తొమ్మిది మంది మా ఫ్రిజ్ తలుపులో ఉన్నారు. వాపసు తీసుకోరట. డబ్బా మూత గట్టిగా ఉందని అమ్మ రోజూ అడుగుతోంది, వాము పోసుకుంటుందట.

ఇట్లు,
అర్బన్ పాసుబుక్కు హన్మకొండవాసి