తూము నీరడి చేతిలో ఉంటే కథ హీరో చేతిలో ఎట్లా ఉంటుంది?

మనవాళ్లు రాస్తున్న పల్లె నవలల్లో హీరో డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో దిగుతాడు, వారం రోజుల్లో ఊరిని బాగుచేస్తాడు, ఊరివాళ్లేమో చుట్టూ నిలబడి సామెతలు చెబుతుంటారు. నాకిది అస్సలు నచ్చదు.

నల్గొండ వైపు చెరువు కింద ఊరినే తీసుకోండి. తూము ఎత్తి వంతులవారీగా నీళ్లు వదిలేది నీరడి. బిడ్డ పెళ్లికి అప్పిచ్చిన పటేల్ మాట కాదనలేక ఆయన మడికి ఒక రాత్రి ఎక్కువ నీళ్లు వదిలాడనుకోండి, చివరాయకట్టు రైతు పొలం ఎండుతుంది, బాకీ తీరదు, ఆ రైతు, కూలీల గుంపును పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పెళ్లాం పిల్లలతో వలసపోతాడు. సగం నవల అయిపోయింది, విలన్ ఇంకా రానే లేదు! పాలమూరు లేబర్ కథల్లో ఆ మేస్త్రీని దళారీ అని తేల్చేస్తాం గానీ, చాలాసార్లు అతనిదీ ఆ ఊరే. గుంపులో ఒక్కడు పారిపోయినా కాంట్రాక్టర్‌కి జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఆ టెన్షన్ రాసినవాళ్లు తక్కువ.

చిన్నవాళ్ల వల్ల ఏమవుతుంది అంటారా? అప్పటి నల్గొండ జిల్లాలోనే, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట భూస్వామి దేశ్‌ముఖ్‌కి వదలనంది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత తెలంగాణ రైతాంగ పోరాటం ఎటు తిరిగిందో మనకు తెలుసు. వీళ్లు చరిత్రలో కాకుండా మన నవలల్లో పుట్టి ఉంటే చెరో పేజీ ఇచ్చేవాళ్లమేమో.

ఇప్పటి కథ కావాలంటే, అమెరికా కొడుకు వచ్చేసరికి నాన్న భూమి ఇంకొకరి పేరు మీద ఉంటుంది. ఊరి భూముల లెక్కలు చూసే వీఆర్వో వ్యవస్థ తెలంగాణలో 2020లోనే పోయింది, పాత సంగతులు అడుగుదామంటే ఆ మనిషి లేడు. పాత పహాణీలో, అంటే భూమి రికార్డులో, ఆ పేరు ఎందుకెక్కిందో తెలిసింది ఒకప్పుడు సర్వేలో కొలత గొలుసు పట్టిన ముసలి సుంకరికే, అంటే ఊరి రెవెన్యూ పనులకు తిరిగిన మనిషికే. అతను మాత్రం ఎందుకు చెప్పాలి? వీళ్ల నాన్న అతన్ని ఎట్లా చూశాడు? అక్కడ మొదలుపెట్టండి, హీరో తర్వాత రావచ్చు.

ఇంకో చిరాకు కూడా ఉంది. యాసంతా సుంకరికీ నీరడికీ అంటగట్టి, అదే ఊళ్లో పుట్టి అదే బడికి పోయిన హీరోతో మాత్రం న్యూస్ రీడర్‌లా మాట్లాడిస్తారు, ఫోన్లో అమ్మతో కూడా.