పడవ మరుగుదొడ్డి చేతిపంపు గారికి

మహారాజశ్రీ పడవ మరుగుదొడ్డి చేతిపంపు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కుశలమేమీ కాదు లెండి. తమరు మా పెరంబూరు బాల్కనీలో ఎర్ర బకెట్లో, వెనిగర్లో నానుతున్నారు. తమరి రబ్బరు వాల్వు కోసం నేను చెన్నై ప్యారిస్ కార్నర్ బజారంతా తిరిగి ఇప్పుడే ఇల్లు చేరాను. "పాలపీకలా ఉందే, మందుల షాపులో అడగండి సార్" అన్నాడొకడు. ఇంకొకాయన "అరగంటలో గోడౌన్ నుంచి తెప్పిస్తా" అని పదకొండింటికి కూర్చోబెట్టాడు. మూడున్నరకి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే అంగుళమున్నర గొట్టానికి అంగుళం వాల్వు.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (శ్రీవిజయపురం అనాలిప్పుడు) ఏడు వందల నాటికల్ మైళ్ల పైమాటే. జనవరి ఈశాన్యపు గాలికి వారం రోజులూ మా తెరచాప పడవ కుడికి ఒరిగే ఉంది. మూడో రాత్రి ఆటోపైలట్ చేతులెత్తేసింది. సరే. ఊగే పొయ్యి మీది సాంబారు నా ఒళ్లో పడింది. అదీ సరే. తమరి సంగతే మింగుడుపడటం లేదు.

ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మోకాలు గోడకి తన్నిపెట్టి, మీట 'తడి' వైపు తిప్పి సముద్రపు నీళ్లు లోపలికి ఇరవై సార్లు కొట్టి, 'పొడి' వైపు తిప్పి ఉన్నదంతా బయటికి మరో ఇరవై. సంధ్యావందనం కూడా ఇంత నిష్ఠగా చేసి ఎరగను. ఐదో రోజు రాత్రి రెండింటికి ఆ తంతంతా ముగించి గొళ్లెం తీయబోతున్నాను. వెనక గుడగుడమంది. నేను పంపినది తిరుగు టపాలో వచ్చేసింది!

ఏం, నీకేం తక్కువ చేశాను? మూత్రం ఉప్పునీళ్లలో కలిస్తే సున్నంలా పేరుకుంటుందని, వాల్వు పెదవులు మూసుకోవని, బయల్దేరే ముందు వారం వారం వెనిగర్ పోశాను. దోసెలకని దాచుకున్న నూనెలో సగం నీ గొంతులోనే పోశాను కదరా!

నౌకాదళం వాళ్ల తెరచాప పడవ తారిణి 2017లో గోవా నుంచి భూమి చుట్టిరావడానికి బయల్దేరి 254 రోజులకి తిరిగొచ్చినప్పుడు పేపర్లు కత్తిరించి దాచుకున్నవాణ్ణి. ఆరుగురు ఆడపిల్లల్లో ఐశ్వర్య, స్వాతి మన తెలుగువాళ్లేనని మురిసిపోయాను. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ గురించి చదివాను, అలల గురించి చదివాను. నీ జాతి గురించి నా కంటికి ఒక్క ముక్క కనబడలేదు. కనబడి ఉంటే పడవెక్కేవాణ్ణా?

చివరి రెండు రోజులూ మాకు బకెట్టే దిక్కైంది. ఇప్పుడు నువ్వు మునిగున్నది అందులోనే. అనుభవించు.

ఇది రాస్తుండగానే మా అత్తగారు బాల్కనీలోకి వెళ్లారు. "ఇదేం కాఫీ ఫిల్టరు బాబూ, ఇంత పెద్దది?" అన్నారు. నోరు పెగల్లేదు. "కంచుది, చిలుం పట్టనిచ్చారు" అని విసుక్కుంటూ నిన్ను ఎత్తుకుపోయారు.

వంటింట్లో చింతపండు పెట్టి తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.