పదిసార్లు రాయిస్తే అక్షరదోషాలు పోతాయా?

పిల్లలు ఒక పదాన్ని తప్పుగా రాయగానే దాన్నే పదిసార్లు రాయమని కూర్చోబెట్టే పద్ధతిని చాలామంది తల్లిదండ్రులు ఇప్పటికీ నమ్ముతున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. పక్కన కూర్చుని చూడండి: కొందరు పిల్లలు మొదటి అక్షరాన్ని పై నుంచి కిందికి పది వరసల్లో దించేసి, ఆ తర్వాత రెండో అక్షరాన్ని అలాగే దించేస్తారు. పేజీ నిండుతుంది కానీ, పదాన్ని పదంగా ఒక్కసారైనా రాసినట్టు కాదు.

తప్పును కొట్టివేసే ముందు అది ఎలాంటి తప్పో చూడాలి. ‘చెప్పాడు’ను ‘చెపాడు’ అని రాసిన బిడ్డకు ఆ ఒత్తు ఇంకా చెవికి అందలేదు. ఆ మాటను నిదానంగా పలికించి, ‘ప్పా’ దగ్గర పెదవులు మూసుకుని ఒక్క క్షణం ఆగుతున్నాయని గమనింపజేస్తే ఒత్తు ఎందుకు కావాలో తనకే తెలుస్తుంది. ‘భాష’ను ‘బాష’ అని రాసిన బిడ్డ సంగతి వేరు. మనలో చాలామందిమి మాటల్లో ‘బాష’ అనే అంటాం కనుక, విన్నది విన్నట్టే రాసింది. అక్కడ పని చెప్పాల్సింది కంటికి. ఈ రెండు తప్పులకూ ఒకే శిక్ష వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంగ్లీషులోనూ ఇంతే. చార్లెస్ రీడ్ అనే భాషాశాస్త్రవేత్త బడి ఈడు రాని పిల్లల సొంత రాతలను పరిశీలించి, వారు ‘ట్రక్’ వంటి మాటలను ‘సి, హెచ్, ఆర్’లతో మొదలుపెడుతున్నారని 1971లో చూపించారు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి నోట ‘ట్ర’ నిజంగానే ‘చ్ర’కు దగ్గరగా పలుకుతుంది, రాతకు అలవాటుపడిన పెద్దల చెవికి అందని తేడా ఆ పసివాళ్లకు అందింది. అలాగే, వీరుడు అనే అర్థమున్న ‘నైట్’ ముందు ‘కె’ను వదిలేసిన బిడ్డను మందలించే బదులు, ఒకప్పుడు దాన్ని పలికేవారని, పలుకు మారినా రాత అలాగే ఉండిపోయిందని చెబితే ఎంతో ఆసక్తిగా వింటారు.

ఇక అభ్యాసం. పదాన్ని చూసి, మూసి, గుర్తుతెచ్చుకుని రాసి, తానే సరిచూసుకోవాలి. ఎల్లుండి మళ్లీ ఒకసారి, వారం తర్వాత మరొకసారి చాలు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తి మీదే ప్రయోగాలు చేసుకుని, ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా వచ్చిందని 1885లోనే ప్రకటించారు.

అర్థం తెలియని పదానికి ఇదంతా వృథా. ‘ఎండు’ అంటే ‘శుష్కించు’ అని బట్టీ పట్టిస్తే ఒక తెలియని మాట రెండవుతుంది. బట్టలు ఎండాయి, ఆకులు ఎండిపోయాయి, దాహంతో గొంతు ఎండిపోతోంది అని మాటల్లో వాడుతూ పోతే, కొన్నాళ్లకు బిడ్డే నాలుగో వాక్యం చెబుతుంది. ఆ వాక్యాన్ని కాగితం మీద పెట్టి చూపించినప్పుడు మొదట ఆ బిడ్డ చెప్పిన విషయం గురించి మాట్లాడండి. దీర్ఘాలూ ఒత్తులూ రేపు చూసుకోవచ్చు.