చచ్చినా మా ఊరొదలని పరిశోధనా పత్రం గారికి

నరసన్నపేట,
బుధవారం.

మహారాజశ్రీ పత్రం గారికి,

ఉభయకుశలోపరి. తమరిని అచ్చేసిన వైద్యపత్రిక లాన్సెట్ వాళ్లే 2010లో తమరిని వెనక్కి తీసేసుకుని, తమరు పోయారని అచ్చేసి మరీ చెప్పారు గానీ, మొన్న మా మేనత్త ఫోన్లో నిక్షేపంగా కనిపించారు.

ఆవిడ మనవడికి తొమ్మిది నెలలు నిండాయి. టీకాకి సబ్‌సెంటర్‌కి తీసుకెళ్దామంటే గుమ్మానికి అడ్డం కూర్చుంది. "సూదేస్తే గుంటడి పేగులు పాడైపోతాయటరా. లండన్ డాక్టరే సెప్పాడట!"

1998 ఫిబ్రవరిలో తమరు పుట్టినప్పుడు తమ వెనకున్న పిల్లలు 12 మంది. మా అంగన్‌వాడీలో గుడ్డు కోసం చాపల మీద కూర్చునేవాళ్లు అంతకంటే ఎక్కువే. ఆ డజను మందితోనే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకాకీ, పేగు వాపుకీ, ఆటిజానికీ ముడెట్టేశారు. తమరిని కన్న ఆ లండన్ డాక్టరు వేక్‌ఫీల్డ్ గారు టీకా కంపెనీల మీద దావా నడిపే లాయర్ల దగ్గర 4 లక్షల పౌండ్ల పైన పుచ్చుకున్నారని తర్వాత బయటపడింది. కొడుకు పుట్టినరోజుకొచ్చిన పిల్లలకి తలా 5 పౌండ్లిచ్చి నెత్తురు తీయించారు కూడా! మా వైపు పుట్టినరోజుకెళ్లిన పిల్లాడు మూతికి కేకు పూసుకుని వస్తాడు, చేతికి దూది పెట్టుకుని కాదు.

తమ మీద పేర్లు వేసుకున్న 13 మందిలో 10 మంది 2004లోనే ఆ ముడి మాది కాదని తప్పుకున్నారు. డెన్మార్క్‌లో 5,37,303 మంది పిల్లల లెక్కలు తీస్తే ఆటిజం మాట నిలవలేదు.

పేగుకి చేటు చేసిన టీకాయే లేదని నేననను. తమరు పుట్టిన ఏడాదే అమెరికాలో రోటాషీల్డ్ అని విరేచనాల టీకా వచ్చింది. కొందరు పసివాళ్లలో పేగులోకి పేగు దూరిపోతోందని తేలేసరికి 1999 అక్టోబరులో వెనక్కి తీసేసుకున్నారు. అంటే 14 నెలలు. తమరిని వెనక్కి తీసుకోడానికి 12 ఏళ్లు పట్టింది మరి. తమరి పలుకుబడి అలాంటిది.

ఇవన్నీ మేనత్తకి గంటసేపు చెప్పాను. ఉలకలేదు. చివరికి, మన సర్కారు సూదిలో గవదబిళ్లల మందే ఉండదు, తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే, దాని పేరు ఎం.ఆర్. అన్నాను.

"అయితే ఒక ఎమ్ము తక్కువా?"

"తక్కువే."

"ఆ మాట ముందే సెప్పాల కదేటి!" అని లేచి, గుంటణ్ని చంకనేసుకుని ఆటోని కేకేసింది.

సాయంత్రం ఆవిడ ఫోన్లోంచి తమరిని తుడిచేశాను. తిరిగి ఇచ్చేలోగా టింగుమంది. వేరే గ్రూపులోంచి తమరే.

ఇట్లు,
తమరిని ఇప్పటికి ఆరుసార్లు డిలీట్ చేసినవాడు