ఇంటిపేరు చూసి చప్పట్లు

మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఇందాకే నా పోస్టు ఒకటి మాయమైంది. అందులో బూతు లేదు, పార్టీ ప్రచారం లేదు. హైదరాబాదులో పుట్టిన గజాలా హాష్మీ అమెరికాలో ఆరేళ్లు వర్జీనియా రాష్ట్ర సెనేటర్‌గా పనిచేసి, 2026 జనవరిలో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా (అక్కడ గవర్నర్ తరువాతి పదవి) ప్రమాణం చేశారని నాలుగు ముక్కలు రాశాను, అంతే. మొదటి స్పందన: "ఆమె తెలుగా?" రెండవది: "హైదరాబాదులో పుడితే సరిపోతుందా?" మూడవది అడ్మిన్ గారిది: "దయచేసి గ్రూపులో రాజకీయాలు వద్దు." ఆ తరువాత పోస్టే లేదు.

ఈ అడ్మిన్ గారే 2022లో అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు గ్రూపంతా పూల బొమ్మలతో నింపేశారు. మన ఆడపడుచు, మన గర్వకారణం, ఇంకా ఏవేవో. నేనూ సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. ఆవిడ మీద నాకు పిసరంత కోపం లేదు. పాతికేళ్లు రోడ్ల ఇంజనీరుగా పనిచేసి, అమెరికా పార్లమెంటు (అక్కడ కాంగ్రెసు అంటారు) సీటు కోసం పోటీ చేసి ఓడి, మళ్లీ లేచి నిలబడిన మనిషి. కానీ ఒక్కసారి ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ పుట్టింది 1964లోనే, హైదరాబాదులోనే. చిన్న వయసులోనే అమెరికా వెళ్లారు. పార్టీ ఒకటే, డెమోక్రాటిక్; పదవి ఒకటే. రాష్ట్రాలు కూడా పోటోమాక్ నదికి ఆ గట్టున ఒకటి, ఈ గట్టున ఒకటి. ఒకరు భగవద్గీత మీద ప్రమాణం చేశారు, ఇంకొకరు ఖురాన్ మీద. అది మేరీలాండ్‌లో సంస్కృతి అయింది, నది దాటేసరికి రాజకీయమైపోయింది!

ఉషా వాన్స్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆమె పుట్టింది, పెరిగింది కాలిఫోర్నియాలో. పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. 2024లో భర్త జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్షుడిగా గెలిస్తే ఆ ఊళ్లో సంబరాలు చేసుకున్నారు. చేసుకోనివ్వండి, ఊరి వాళ్ల ఆనందం ఊరి వాళ్లది. నా మంట మా గ్రూపు మీద. తాతముత్తాతల ఊరు చాలు, ఆమె మన అమ్మాయి అయిపోయింది. మరి మలక్‌పేటలో అమ్మమ్మ ఇంట్లో తొలి బాల్యం గడిపిన హాష్మీ ఎవరి అమ్మాయి? తల్లి కోఠీ మహిళా కళాశాలలో చదివారు. ఇంతకన్నా హైదరాబాదు ఇంకెక్కడ దొరుకుతుంది? ఉర్దూ 2017 నుంచి తెలంగాణ అంతటికీ రెండవ అధికార భాష, అదైనా గుర్తుందా మా వాళ్లకు? ఇరానీ చాయ్ మనది, హలీమ్ మనది, బిర్యానీ గురించి ఇంకో రాష్ట్రం వాళ్లు నోరెత్తితే యుద్ధానికి దిగుతాం. వండిన వాళ్ల మనవరాలు మాత్రం తెలుగా అని ఆరా.

గ్రూపులో ఇంకో మేధావి "రాష్ట్ర సెనేటర్ అంటే మన ఎమ్మెల్సీ లాంటిదేలే, పెద్ద విశేషం కాదు" అని తీర్పిచ్చారు. అయ్యా, మన శాసనమండలి చరిత్ర తమరికి తెలియనిదా? 1985లో రద్దు చేశాం, 2007లో తెచ్చుకున్నాం, 2020లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ వద్దని తీర్మానం చేసింది, మరుసటి ఏడాది ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. టికెట్ దక్కని నాయకుడిని బుజ్జగించడానికి మనకు మండలి గుర్తొస్తుంది. వర్జీనియా సెనేట్‌లో 40 మందే. ప్రతి ఒక్కరూ జనం ఓట్లతో నేరుగా గెలిచి రావాలి. జీతం ఏడాదికి 18,000 డాలర్లు. అమెరికాలో ఆ డబ్బుతో ఇల్లు గడవదు, వేరే ఉద్యోగం ఉండాల్సిందే. మన వాళ్లను ఆ జీతానికి పోటీ చేయమనండి చూద్దాం.

హాష్మీ దాదాపు ముప్పై ఏళ్లు కళాశాలల్లో సాహిత్యం చెప్పారు. పీహెచ్‌డీ ఎమరీ విశ్వవిద్యాలయంలో. 2017లో ట్రంప్ కొన్ని ముస్లిం దేశాల వారి రాకను నిషేధించినప్పుడు, ఆ దేశంలో తన చోటు ఎక్కడ అన్న ప్రశ్న ఆమెకు ఎదురైంది. భయపడి ఇంట్లో కూర్చోలేదు. అంతకుముందు ఏ పదవికీ పోటీ చేయని మనిషి, 2019లో రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ శివార్లలో పదవిలో ఉన్న రిపబ్లికన్ సెనేటర్‌నే ఓడించారు. ఆ ఏటి ఎన్నికలతోనే రాష్ట్ర శాసన వ్యవస్థలోని రెండు సభలూ డెమోక్రాట్ల చేతికి వచ్చాయి. వర్జీనియా సెనేట్‌లో మొదటి ముస్లిం, మొదటి దక్షిణాసియా మూలాల సభ్యురాలు ఆమే. తరువాత విద్య, ఆరోగ్య సంఘానికి అధ్యక్షత వహించారు. గర్భనిరోధక సాధనాల హక్కు కోసం బిల్లు తెచ్చారు. సభలు ఆమోదించాయి, అప్పటి గవర్నర్ యంకిన్ వీటో చేశారు. మళ్లీ తెచ్చారు, మళ్లీ వీటో.

2025లో లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థి ఎవరన్న పార్టీ లోపలి పోటీలో ఆరుగురు. రిచ్‌మండ్ మాజీ మేయర్ మీద ఒక్క శాతం కూడా లేని తేడాతో గట్టెక్కారు. నవంబరులో అసలు ఎన్నికలో మాత్రం సునాయాసంగా గెలిచారు. ఆమెలో నాకు నచ్చనిదీ ఒకటుంది: ప్రత్యర్థి జాన్ రీడ్‌తో చర్చా వేదిక ఎక్కలేదు. ఎక్కాల్సింది. పాఠం చెప్పే మనిషికి ప్రశ్నలంటే భయమెందుకు? ఆ రీడ్ గారు ఊరుకోకుండా కృత్రిమ మేధతో ఆమె గొంతు తయారుచేయించి దానితోనే వాదించుకున్నారు. దాని సంగతి తరువాత ఎప్పుడైనా రాస్తాను, అదొక పోస్టుకు సరిపడా ఉంది.

నేను గొడవపడుతున్నది అమెరికా గురించి కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నా కడుపుమంట మా అపార్ట్‌మెంట్ దగ్గర మొదలైంది. మా అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీ అయితే, నాతో పనిచేసిన లెక్చరర్ ఒకరిని తీసుకువెళ్లాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, అడ్వాన్సు చేతిలో పట్టుకుని వచ్చారు. బ్రోకరు నవ్వుతూనే మాట్లాడాడు, పేరు చెప్పేవరకు. ఆ తరువాత "వాళ్ల బంధువులు వస్తున్నారట సార్" అన్నాడు. ఏ బంధువులూ రాలేదు, ఫ్లాటు నెలల తరబడి ఖాళీగానే ఉంది. నేను సంఘం సమావేశంలో అడిగితే "మీకెందుకండీ, ఎవరి ఇల్లు వారి ఇష్టం" అన్నారు. మాంసాహారం వాసన అన్నారు. అన్నవారి ఇంట్లోనే ఆదివారం నాటుకోడి ఉడుకుతుంది!

ఆ ఫ్లాటు యజమానిగారి అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. వీసా ఆలస్యమైనా, ఆఫీసులో ఎవరైనా పేరు సరిగ్గా పలకకపోయినా, పొరుగువాడు కూర వాసన అని ముఖం చిట్లించినా యజమానిగారు లిఫ్టులో నన్ను పట్టుకుని "చూశారా, మనవాళ్లంటే వాళ్లకు ఎంత చులకనో" అంటారు. మొన్న కూడా అన్నారు. నేను నాలుగో అంతస్తు దాకా ఊ కొట్టి, ఆ లెక్చరర్ గురించి అడిగాను. ఆయన ఫోను చూసుకుంటూ దిగిపోయారు.